తలలు, బీరువాలు, వాకిలి: డిపార్ట్‌మెంటు మేధో ఆస్తిని లెక్క రాసి వాడుకలోకి తేవడం ఎలా?

మా డిపార్ట్‌మెంటులో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం (పదార్థం లోపల అణువుల అమరికను ఎక్స్‌రేలతో చూసేది) చూసుకునే టెక్నీషియన్ ఒక జూన్ నెలాఖరున రిటైరయ్యాడు. శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, మెట్ల మీద వరసగా నిలబడి ఫొటో దిగాం, ఉగ్గాని బజ్జీ తిని ఇళ్లకు పోయాం. మూడు వారాల తర్వాత ఒక స్కాలరు శాంపిల్ పట్టుకొచ్చి యంత్రం ఆన్ చేస్తే అది పలకలేదు. కంపెనీ వాళ్లను పిలిస్తే వచ్చిపోవడానికే వేలల్లో అడిగారు. చివరికి ఆయనకే ఫోన్ చేశాం. ధర్మవరంలో మనవణ్ణి ఆడిస్తూ చెప్పాడు: "ముందు చిల్లర్ ఆన్ చేయల్ల సార్. ఇరవై నిమిషాలు ఆగల్ల. అన్ని దినాలు ఊరికే ఉన్న ట్యూబుకు ఒకేసారి వోల్టేజీ పెంచితే పోతాది. మెల్లగా ఎక్కించండి. ఇంగొకటి, డోరు కొంచెం పైకెత్తి మూయల్ల."

యంత్రాన్ని చల్లగా ఉంచే ఆ చిల్లర్ సంగతి, వోల్టేజీ సంగతి మాన్యువల్‌లో ఉన్నాయి. మేం చదవలేదు, అది మా తప్పు. డోరు ఎత్తి మూయాలన్నది మాత్రం ఏ మాన్యువల్‌లోనూ లేదు. అది సరిగ్గా పడకపోతే లోపలి లాక్ ఒప్పుకోదు, ఎక్స్‌రే రాదు. ఏటా స్టాక్ వెరిఫికేషన్‌కు వచ్చేవాళ్లు కుర్చీలు లెక్కపెడతారు, ఫ్యాన్లు లెక్కపెడతారు, ఆ యంత్రానికి అంటించిన నంబరు చూసి టిక్కు పెడతారు. "డోరు కొంచెం పైకెత్తి మూయల్ల" అన్న మాటకు మాత్రం నంబరు లేదు. ఆ మాట లేని రోజున లక్షల యంత్రం పెద్ద సైజు బీరువాతో సమానం.

ఇలాంటి వాటన్నిటినీ కలిపి మేనేజ్‌మెంటు పుస్తకాలు మేధో మూలధనం అంటాయి. మూడు ముక్కలుగా చెబుతాయి: మనుషుల దగ్గరున్న నేర్పు మానవ మూలధనం, ఆ మనుషులు సాయంత్రం ఇంటికి పోయాక కూడా సంస్థలో మిగిలి ఉండేది నిర్మాణ మూలధనం, బయటివాళ్లతో ఉన్న నమ్మకం, రాకపోకలు సంబంధాల మూలధనం. నా రిజిస్టర్లో ఇంత పెద్ద మాటలు రాయలేక తలలు, బీరువాలు, వాకిలి అని రాసుకున్నాను. కింద కూడా ఆ పేర్లే వాడతాను.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. స్వీడన్ బీమా కంపెనీ స్కాండియా 1990ల్లో లీఫ్ ఎడ్విన్సన్ ఆధ్వర్యంలో ఇలాంటి లెక్కను తన వార్షిక నివేదికకు జతచేసింది. ఆస్ట్రియా 2002 నాటి విశ్వవిద్యాలయాల చట్టంతో అక్కడి ప్రభుత్వ వర్సిటీలన్నీ మేధో మూలధన నివేదిక ఇవ్వాలని కట్టడి చేసింది. మన దగ్గర ఆ కట్టడి లేదు. మన ఖాతా పుస్తకాల్లో ప్రొఫెసర్ జీతం ఖర్చు, ఆయన కూర్చునే కుర్చీ ఆస్తి. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక వేసవి, ఒక పొడుగు రిజిస్టర్, ముగ్గురు మనుషులు చాలు.

1. వర్సిటీని వదిలేయండి, ఒక్క డిపార్ట్‌మెంటు పట్టుకోండి

వర్సిటీ మొత్తానికి చేద్దామంటే మొదట కమిటీ వేస్తారు, తర్వాత ఆ కమిటీకి ఫార్మాట్ కోసం ఇంకో కమిటీ వేస్తారు, ఆ లోపల విద్యా సంవత్సరం అయిపోతుంది. మీ చేతిలో ఉన్న ఒక్క డిపార్ట్‌మెంటుతో మొదలుపెట్టండి. ముగ్గురు కావాలి: సర్వీసు తక్కువున్న ఒక టీచరు, ఆఫీసులో ఫైళ్లు తెలిసిన ఒకరు, ఒక రీసెర్చ్ స్కాలరు. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సంతకం పెడితే చాలు, ఆయన కూర్చోనక్కర్లేదు. కూర్చుంటే అటెండరు నోరు విప్పడు.

మే నెల మంచిది. క్లాసులుండవు, అందరూ కొంచెం తీరిగ్గా ఉంటారు. అనంతపురం ఎండ సంగతి తెలుసు కాబట్టి పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెట్టి పన్నెండుకు ముగించేయండి.

మీది ఏ వయసు వర్సిటీ అన్నది కూడా చూసుకోండి. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గానీ, 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ వేరు నుంచి 2008లో వర్సిటీ అయిన అనంతపురం జేఎన్‌టీయూలో గానీ మొదటి తరం ఎప్పుడో వెళ్లిపోయింది. అలాంటి చోట బీరువాల్లో వెతుకులాట ఎక్కువ. 2006 నాటి కడప యోగి వేమన, 2008 నాటి కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో మొదట్లో చేరినవాళ్లు చాలామంది ఇంకా సర్వీసులోనే ఉన్నారు. అక్కడ ముందు తలల దగ్గరికే పోవాలి.

2. తలలు: సర్వీసు రిజిస్టర్ తీసి రిటైరయ్యే తేదీ ప్రకారం వరస పెట్టండి

సీనియారిటీ ప్రకారం కాదు, హోదా ప్రకారం కాదు. ఎవరు ముందు వెళ్లిపోతారో వాళ్ల దగ్గరికి ముందు పోవాలి. ఆ వరసలో ల్యాబ్ టెక్నీషియన్, స్టోర్ కీపర్, అటెండర్, తోటమాలి అందరూ ఉండాలి. కాంట్రాక్టు వాళ్లు, గెస్ట్ ఫ్యాకల్టీ అయితే ఇంకా ముందు. వాళ్లకు రిటైర్మెంటు తేదీ ఉండదు, రేపు రాకపోవడమే ఉంటుంది. చాలా డిపార్ట్‌మెంట్లలో పాఠం చెప్పే భారం వాళ్ల మీదే నడుస్తోంది. వాళ్ల నోట్సు, వాళ్లు తయారు చేసిన ప్రాక్టికల్ మాన్యువల్ వాళ్ల బ్యాగుతోనే వెళ్లిపోతుంది.

"మీ నైపుణ్యం ఏంటి?" అని అడగకండి. ప్రొఫెసర్ని అడిగితే బయోడేటా చేతికిస్తాడు, అటెండర్ని అడిగితే "నాకేం తెలుసు సార్" అంటాడు. నాకు పనికొచ్చిన ప్రశ్నలు ఇవి:

మీరు పదిహేను రోజులు రాకపోతే ఇక్కడ ఏ పని ఆగిపోతుంది?
కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెలలో ఏ తప్పు చేస్తారు?
ఏదైనా ఇరుక్కుంటే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?
ఈ పని మీకు ఎవరు నేర్పారు, మీరు ఎవరికి నేర్పారు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు వాకిలి లెక్కలోకి పోతాయి. నాలుగో ప్రశ్నకు రెండో సగం జవాబు "ఎవరికీ లేదు" అని వస్తే ఆ పేరు కింద ఎర్ర గీత గీయండి. మా రిజిస్టర్లో పదకొండు మందిలో ఏడుగురికి ఎర్ర గీత పడింది. ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను.

మాటలు చెప్పిన మనిషి యాసలోనే రాసుకోండి. "పంపు కొంచెం దగ్గుతాది, అప్పుడు ఆయిల్ చూడల్ల" అన్నదాన్ని "వ్యాక్యూమ్ పంపు నిర్వహణ" అని మార్చి రాస్తే పనికొచ్చే ముక్క పోతుంది. అడిగి, ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో తీయండి, ముఖం కాదు, చేతులు. ఐదు నిమిషాలకు మించొద్దు.

ఒక హెచ్చరిక. కొందరు చెప్పరు. తనకు మాత్రమే తెలిసింది తన ఉద్యోగానికి కాపలా అనుకుంటారు, అందులో న్యాయం కూడా ఉంది. పాతికేళ్లు ఎవరూ పట్టించుకోని మనిషిని రిటైర్మెంటుకు నెల ముందు పిలిచి "మీకు తెలిసిందంతా రాసివ్వండి" అంటే కాలుతుంది కదా. తయారైన కాగితం మీద ఆయన పేరు వేయండి, గోడకు ఆ పేరుతోనే పెట్టండి. వర్సిటీ ఒప్పుకుంటే రిటైరయ్యాక రెండు మూడు రోజులు గౌరవ వేతనంతో పిలవండి. మేం పిలిచాం. శాలువా ఖర్చుకన్నా కాస్త ఎక్కువయింది, అంతే.

3. బీరువాలు: చీటీ లేనిదేదీ ఆస్తి కాదు

ఈ పని మురికి పని. పాత చొక్కా వేసుకుని రండి.

చీటీ అంటే ఏంటో తెలియాలంటే మీ బోటనీ వాళ్ల హెర్బేరియం చూడండి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో తూర్పు కనుమల మొక్కలతో పేరున్న హెర్బేరియం ఉంది. ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్క పక్కన కింది మూలన ఒక చీటీ ఉంటుంది: ఏ మొక్క, ఎక్కడ దొరికింది, ఏ తేదీ, ఎవరు కోశారు, అప్పుడు పువ్వు రంగేంటి. ఎండాక రంగు మారిపోతుంది కాబట్టి ఆ చివరి ముక్క కోసిన మనిషే రాయాలి, తర్వాత ఎవరూ రాయలేరు. చీటీ ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ షీటు చూసి, శేషాచలం కొండల్లో ఫలానా చోట ఆ మొక్క ఇంకా ఉందో లేదో తేల్చొచ్చు. చీటీ ఊడిపోతే అది ఎండుగడ్డి.

మీ బీరువాలో ఉన్న ప్రతిదాన్నీ ఆ కంటితో చూడండి. నల్ల అట్ట, బంగారు అక్షరాల థీసిస్ ఉంటుంది. దాని సాఫ్ట్ కాపీ శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లను ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ఆన్‌లైన్‌లో దాచే చోటు) ఉందో లేదో చూసి రాసుకోండి. 2009 నాటి యూజీసీ నిబంధన నుంచి థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలి. అంతకు ముందువి చాలావరకు బీరువాలోనే చెద తింటుంటాయి. అయితే నా లెక్కలో థీసిస్ కన్నా విలువైనది దాని వెనకున్న మూల సమాచారం. ఒకప్పుడు మాకు తెలిసిన ఒక డిపార్ట్‌మెంటులో అనంతపురం పల్లెల్లో బోరుబావుల మీద ఇంటింటికీ తిరిగి నింపిన ఫారాలు అట్టపెట్టెల నిండా ఉండేవి. ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి, ఎన్ని బోర్లు ఎండిపోయాయి, అప్పు ఎంత, అన్నీ ఉన్నాయి. గది ఖాళీ చేయాల్సొచ్చి వాటిని పాత పేపర్ల వాడికి కిలోల లెక్కన వేశారు. థీసిస్ మిగిలింది. అందులో సగటులు మాత్రమే ఉన్నాయి. ఇవాళ అదే ఊళ్లకు వెళ్లి "అప్పటికీ ఇప్పటికీ" అని పోల్చాలంటే చేతిలో ఏమీ లేదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. మొదట మళ్లీ పుట్టించలేనివి: పాత సర్వే ఫారాలు, ఫీల్డ్ నోటుబుక్కులు, వాన లెక్కలు, నమూనాలు, ఇంటర్వ్యూల క్యాసెట్లు. తర్వాత కష్టపడితే మళ్లీ చేయగలిగేవి: ప్రాక్టికల్ మాన్యువళ్లు, ప్రశ్నల బ్యాంకు, సాఫ్ట్‌వేర్ కోడ్. కొనగలిగినవి చివర, పుస్తకాలు, యంత్రాలు ఎలాగూ స్టాక్ రిజిస్టర్లో ఉంటాయి.

మొదటి రకానికి వెంటనే స్కాన్. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, ఏం విషయం అన్న మూడూ ఉండాలి. "న్యూ ఫైనల్ 2" అన్న పేరుతో దాచినది పారేసినదానితో సమానం. రెండు చోట్ల పెట్టండి, రెండూ డిపార్ట్‌మెంటు పేరు మీదే ఉండాలి. ఎవరి సొంత ఈమెయిల్ డ్రైవ్‌లోనూ వద్దు. ఆ మనిషి బదిలీ అయితే పాస్‌వర్డూ బదిలీ అవుతుంది. కుటుంబాల పేర్లు, అప్పుల వివరాలు ఉన్న ఫారాలైతే పేర్లు తీసేసిన ప్రతినే అందరికీ ఇవ్వాలి, అసలుది తాళంలో పెట్టాలి. ఆ రైతు మనకు చెప్పింది పరిశోధనకే గానీ ఊరందరికీ కాదు.

కడప వాళ్లకు ఈ పని కొత్త కాదనే చెప్పాలి. 1820లో కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ బంగళా కొని, జీతాలిచ్చి పండితులను పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేయించి, ఒక ప్రతితో ఇంకో ప్రతి పోల్చి శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు. వేమన పద్యం ఊరూరా నోళ్లలో ఉంది, పండితుల తలల్లో ఉంది, పురుగులు తింటున్న ఆకుల్లో ఉంది. దాన్ని వరసపెట్టి ఇంకొకరు వాడుకునేలా చేయడమే ఆయన చేసింది. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు సీపీ బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి, వాటిని చూసుకునేది యోగి వేమన విశ్వవిద్యాలయం. ఎప్పుడైనా అటు పోతే లోపలికి వెళ్లి చూడండి.

4. వాకిలి: ఎంఓయూలు లెక్కపెట్టకండి, మనుషుల్ని లెక్కపెట్టండి

ఎంఓయూల (బయటి సంస్థలతో కలిసి పనిచేస్తామని రాసుకున్న ఒప్పందాల) ఫైలు తీయండి. ఒక్కోదానికి ఒకే ప్రశ్న: గత పన్నెండు నెలల్లో ఇటు నుంచి అటు గానీ, అటు నుంచి ఇటు గానీ ఒక మనిషి పని మీద వచ్చాడా? జవాబు లేదంటే అది ఫొటో ఫ్రేము. రిజిస్టర్లో రాయకండి. మా దగ్గర ఇరవై దాకా ఉంటే మూడు మిగిలాయి.

దానికి బదులు ఇంతకు ముందు "ఎవరికి ఫోన్ చేస్తారు?" అన్న ప్రశ్నకు వచ్చిన పేర్లు తీసుకోండి. ఎంఓయూ లేకుండానే పని చేసే సంబంధాలు అక్కడ కనబడతాయి. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో శనక్కాయ రైతును అడిగి చూడండి, విత్తనం రకం పేరు తడుముకోకుండా చెబుతాడు: కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందున్న కదిరి పరిశోధన స్థానంలో పుట్టిన రకాలవి. ఆ ఊరి పేరు రైతు నోట్లో పడిందంటే వాకిలి తెరిచి ఉందని అర్థం. మీ డిపార్ట్‌మెంటు పేరు బయట ఎవరి నోట్లో ఉంది? పాత విద్యార్థుల్లో ఇంకా ఫోన్ చేసేవాళ్లెవరు? వాళ్ల పేరు, ఏ పని చేస్తున్నారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఈ మూడు రాస్తే చాలు. "పూర్వ విద్యార్థుల సంఘం ఉంది" అన్న వాక్యం రాయొద్దు.

వాకిలి మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి నాకెప్పుడూ జ్వాలాపురమే గుర్తొస్తుంది. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న పల్లె. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కింద పేలినప్పటి బూడిద అక్కడ మందంగా పేరుకుంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి అమ్ముకునేవాళ్లు. ఆ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయని ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, బ్రిటన్ నుంచి వచ్చిన మైకేల్ పెట్రాలియా బృందం తవ్వి చూపించి 2007లో సైన్స్ పత్రికలో అచ్చేసింది. ఇవాళ మానవ వలసల మీద ఎవరు రాసినా ఆ ఊరి పేరు వస్తుంది. వాళ్లు చేసింది మంచి పని, అందులో మాటే లేదు. మనకు గంటల దూరంలో ఉన్న ఊరికి ఆ ప్రశ్న పట్టుకుని ముందు వెళ్లింది మనం కాదన్నదే నా బాధ. బూడిద అక్కడే ఉంది, చూసిన కళ్లు ఉన్నాయి, మన డిపార్ట్‌మెంట్లకు ఆ పల్లెతో రాకపోకలు లేవు. అందుకే రిజిస్టర్లో ఒక పేజీ "మన చుట్టూ నూరు కిలోమీటర్లలో" అని వదలండి. గనులు, గుహలు, చెరువులు, మగ్గాలు, విత్తన క్షేత్రాలు, ఎవరితో పరిచయముందో వాటి పక్కన రాయండి. పక్కన పేరు లేనివే వచ్చే ఏడు మీ పని.

5. పేటెంటు దగ్గర తొందరపడకండి, పేపరు దగ్గర అంతకన్నా తొందరపడకండి

పేటెంటు తీసుకోదగ్గది ఏదైనా ఉందనుకుంటే పేపరు పంపకముందే దరఖాస్తు వేయాలి. అచ్చయినది కొత్తది కాదు. చట్టంలో కొన్ని మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని దిగొద్దు. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ప్రొవిజనల్ దరఖాస్తు వేసి, పన్నెండు నెలల లోపల పూర్తిది వేయొచ్చు. విద్యా సంస్థలకు 2021 నుంచి ఫీజుల్లో 80 శాతం తగ్గింపు ఉంది. పరీక్ష కోసం విడిగా అడగాలి; 2024 సవరణ తర్వాత దానికి గడువు 31 నెలలు. అడక్కపోతే దరఖాస్తు దానంతటదే పోతుంది. వస్తే దరఖాస్తు వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు నిలుస్తుంది గానీ మూడో ఏటి నుంచి ఏటా పునరుద్ధరణ రుసుం కట్టాలి. ఎవరు కడతారో ముందే రాసుకోండి.

ఇక్కడ ఒక గారడీ నడుస్తుంది, చెప్పక తప్పదు. దరఖాస్తు వేసిన 18 నెలలకు పేటెంటు కార్యాలయం దాన్ని జర్నల్లో ప్రచురిస్తుంది, అడిగితే ఇంకా ముందే ప్రచురిస్తుంది. అంటే దరఖాస్తు వేశారని ప్రకటించడం మాత్రమే, ఎవరూ పరీక్షించలేదు. దాన్నే "పేటెంట్ పబ్లిష్డ్" అని ఫ్లెక్సీ వేస్తారు. మీ రిజిస్టర్లో "వేసినవి", "మంజూరైనవి", "ఎవరైనా వాడుతున్నవి" అని మూడు గళ్లు పెట్టండి. మూడో గడి ఖాళీగా ఉంటే సిగ్గుపడొద్దు, నింపడానికి అబద్ధమాడొద్దు.

సీమలో మన పని చాలావరకు నేల, నీళ్లు, పంట చుట్టూ తిరుగుతుంది. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం వ్యవసాయ పద్ధతికి, మొక్కలకు, విత్తనాలకు, సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదు. కొత్త పంట రకమైతే 2001 నాటి వేరే చట్టం కింద నమోదు చేయించాలి, మామూలు పంటలకు 15 ఏళ్ల రక్షణ వస్తుంది. బనగానపల్లె మామిడి, ధర్మవరం పట్టు లాంటివి భౌగోళిక గుర్తింపు కిందికి వస్తాయి, అవి ఆ ప్రాంతంలో పండించేవాళ్లవి, నేసేవాళ్లవి. వాళ్లకు కాగితాలు రాసిపెట్టడం వర్సిటీ చేయగలిగిన సేవ, మన పేరు దూర్చడం కాదు.

6. విలువ ఎక్కడ పుడుతుందో ఒక్క నీళ్ల సీసాతో చూడండి

ఇంతవరకూ రాసింది ఆస్తి. అది విలువగా మారేది బయటి మనిషి చేతిలో పడినప్పుడు. మాకు ఇది అర్థమైంది ఒక నీళ్ల సీసా వల్ల.

అనంతపురం భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. కెమిస్ట్రీ ల్యాబులో పరికరం ఉంది, చేయగలిగిన స్కాలర్లు ఉన్నారు. ఒకాయన తన బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు. పరీక్ష చేసి ఇంగ్లీషులో పట్టిక ఇచ్చాం: పీహెచ్, గట్టిదనం, క్లోరైడ్, ఫ్లోరైడ్ 2.3. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాగొచ్చునా తాగగూడదా, అది చెప్పప్పా" అన్నాడు.

మా దగ్గర తలలున్నాయి, బీరువా ఉంది, ఆయన వాకిట్లోనే నిలబడ్డాడు. మూడూ ఉండి కూడా ఆయనకు ఏమీ అందలేదు. ఆ కాగితం కింద మేం కలిపింది మూడే వాక్యాలు: "తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే దారి లేకపోతే 1.5 దాకా. మీ నీళ్లలో 2.3 ఉంది, తాగడానికీ వంటకూ వాడొద్దు, పిల్లలకు అసలు వద్దు." ఆ అంకెలు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500లో ఉన్నవే, మేం కొత్తగా కనిపెట్టింది లేదు. తర్వాత నమూనా ఎలా పట్టాలో చిన్న కాగితం అచ్చేశాం: ఫ్లోరైడుకు గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తేవాలి, మోటారు కాసేపు నడిచాక పట్టాలి, సీసా మీద ఊరు, తేదీ, బోరు లోతు రాయాలి.

ఆ చివరి మాట చూడండి. బోరు లోతు రైతుకు అక్కర్లేదు, మాకు కావాలి. ప్రతి సీసాతో ఊరు, లోతు, తేదీ, ఫ్లోరైడ్ నాలుగూ మా రిజిస్టర్లోకి వస్తున్నాయి. ఒకరి ప్రాజెక్టుకు అదే సమాచారం అయింది, ఇద్దరు స్కాలర్లకు చేయి తిరిగింది, సీసా తెచ్చినాయన తన ఊరి నుంచి మరో ముగ్గుర్ని పంపాడు.

మీ డిపార్ట్‌మెంటులో ఇలాంటి సీసా ఏదో కనిపెట్టడమే ఈ మెట్టు. కామర్స్ వాళ్లకు స్వయం సహాయక సంఘాల పద్దు పుస్తకం కావొచ్చు. తెలుగు శాఖకు ఊరి శాసనం, లేదా ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలాట వాళ్ల నోట్లో ఉన్న పాట. జియాలజీ వాళ్లకు కడప బెరైటీసు ఖనిజం. దొరికాక రిజిస్టర్లో మూడు గళ్లు: ఎవరు వాడుకున్నారు, ఎప్పుడు, వాళ్లకు ఏం మిగిలింది. మూడో గడిలో "అవగాహన కలిగింది" అని రాయకండి. "బోరు నీళ్లు తాగడం మానేశారు" అని రాయండి.

రుసుం వసూలు చేసేట్టయితే మీ వర్సిటీ కన్సల్టెన్సీ నిబంధనలు ముందు చదవండి. వచ్చిన దాంట్లో వర్సిటీకెంత, డిపార్ట్‌మెంటుకెంత, పని చేసినవాళ్లకెంత అన్నది కాగితం మీద ఉండాలి. టెక్నీషియన్‌కు వాటా లేని చోట శనివారం మధ్యాహ్నం యంత్రం చెడిపోతుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు.

7. న్యాక్, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ల కోసం విడిగా ఏమీ చేయకండి

కాలేజీలకూ వర్సిటీలకూ గ్రేడు ఇచ్చే న్యాక్ ఇన్నాళ్లూ వాడిన మాన్యువల్‌లో విశ్వవిద్యాలయాలకు 1000 మార్కుల్లో 250 పరిశోధన, నవకల్పన, విస్తరణ పనులకే. 2016 నుంచి విద్యా సంస్థలకు ర్యాంకులిస్తున్న కేంద్ర ప్రభుత్వ పద్ధతి ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా నూటికి 30 పరిశోధనకూ వృత్తిపరమైన పనికీ ఇస్తుంది. మీ రిజిస్టర్లో నిజంగా రాసి ఉంటే ఆ ఫారాలు రెండు రోజుల పని. లేకపోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు: బృందం వచ్చే ముందు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఐదేళ్ల హాజరు పట్టికలు పుడతాయి. టీచర్లందరూ విద్వాన్ ప్రొఫైలు (పరిశోధకుల వివరాల ఆన్‌లైన్ జాబితా), ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు) సరిచూసుకుంటే చాలు; ఒకే మనిషి మూడు రకాల ఇనీషియల్సుతో అచ్చేస్తే ముగ్గురు మనుషులైపోతాడు, సైటేషన్లు (ఇతరులు ఆయన పేపర్లను ఉదహరించిన లెక్క) మూడు ముక్కలవుతాయి. మన ఇంటిపేర్లతో ఈ గొడవ మరీ ఎక్కువ.

8. ఏటా ఒక్క వారం

రెండో ఏడు కొత్త రిజిస్టర్ తెరవకండి, పాతదాంట్లోనే వేరే రంగు పెన్నుతో రాయండి. ఎర్ర గీతలు ఎన్ని తగ్గాయి, వాకిలి పేజీలో కొత్త పేర్లు ఎన్ని, మూడో గడి ఎన్నిచోట్ల నిండింది. వీటికి సూచీలు, శాతాలు కట్టి ఒకే అంకెగా చెప్పమని ఎవరైనా అడుగుతారు. నేనైతే కట్టలేదు. రిజిస్టర్ హెచ్‌ఓడీ గదిలో కాకుండా అందరి చేయి తగిలే చోట పెట్టండి. మాది స్టోర్ కీపర్ బల్ల మీద ఉంటుంది.

రెండు రోజులకని పిలిచిన మా టెక్నీషియన్ మొదటి రోజంతా చెప్పాడు, స్కాలరు రాసుకుంది. సాయంత్రానికి పన్నెండు మెట్ల కాగితం తయారైంది, పైన ఆయన పేరు. చాలా బాగుందని వెంటనే లామినేషన్ చేయించి యంత్రం పక్కన గోడకు కొట్టాం. రెండో రోజు పొద్దున ఆయన వచ్చి, అద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, జేబులోంచి పెన్ను తీసి నాలుగో మెట్టుకూ ఐదో మెట్టుకూ మధ్య ఏదో రాయబోయాడు. ప్లాస్టిక్ మీద పెన్ను జారింది. "కరెంటు పోయి వచ్చిన దినం ఇది గాదు సార్, వేరే ఉంది, నిన్న మర్సిపోయినా" అన్నాడు. కాబట్టి లామినేషన్ వద్దు. కాగితాన్ని మామూలు పారదర్శక కవర్లో పెట్టి, పక్కన దారం కట్టి పెన్ను వేలాడదీయండి.